పాత బండికి చార్జింగ్ ఎక్కడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

నా బండికి పద్నాలుగేళ్ళు. నూట యాభై సీసీ, రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా తిరుగుతుంది. ఒకే ఏడాదిలో దానికి మూడు బ్యాటరీలు మార్పించాను. మూడోది కూడా చచ్చాక ఒక ఆదివారం సైడ్ కవర్ విప్పి వైర్లు ఒక్కొక్కటే పట్టి చూశాను. బ్యాటరీకి కరెంటు పంపే ఆర్ఆర్ యూనిట్ కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగులోకి తిరిగి, మెత్తబడి, లోపలి పిన్ను బొగ్గులా మాడిపోయి ఉంది. మూడు బ్యాటరీలనూ తిన్నది ఆ ఒక్క పిన్ను. మీటరు పెట్టి పది నిమిషాలు చూసుంటే మొదటి బ్యాటరీతోనే దొరికేది.

అప్పటి నుంచి తెలిసినవాళ్ళలో ఎవరి బండి మొరాయించినా నాకు ఫోన్ వస్తుంది. అడిగేవి ఇంచుమించు ఇవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

రెండు మాటలు తెలిస్తే చాలు. ఇంజిన్‌తో పాటు తిరిగే అయస్కాంతం (మ్యాగ్నెట్) కవర్ లోపల ఉండే రాగి చుట్టల ప్లేటు స్టేటర్. మన మెకానిక్‌లు కాయిల్ ప్లేటు అంటారు. దాని నుంచి వచ్చే ఏసీని డీసీగా మార్చి, వోల్టేజీని అదుపులో పెట్టే అల్యూమినియం రెక్కల డబ్బా ఆర్ఆర్ యూనిట్, అంటే రెగ్యులేటర్ రెక్టిఫయర్.

## అనుమానం మొదలైనప్పుడు

పొద్దున సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ అంటోంది. బ్యాటరీ పోయిందా, చార్జింగే రావడం లేదా?

ఆ శబ్దం ఒక్కటీ విని తేల్చలేం. రిలే (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) కదలడానికి సరిపడా కరెంటు ఉంది, మోటారు తిప్పడానికి సరిపడా లేదు, అంతవరకే అది చెబుతుంది.

ముందు బ్యాటరీ టెర్మినళ్ళ నట్లు బిగించండి. తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే గీకి శుభ్రం చేయండి. ఇంత చిన్న పనితో సెల్ఫ్ తిరిగిన బండ్లు చాలా చూశాను. అయినా లేవకపోతే బ్యాటరీని బయట చార్జర్‌తో నిండా చార్జి చేయించి, రెండు మూడు రోజులు మామూలుగా తిప్పండి. తిప్పుతున్నా రోజురోజుకీ నీరసపడుతుంటే బండి చార్జి చేయడం లేదు. తిప్పినంతసేపూ బాగుండి, రాత్రి నిలిపి పొద్దున చూస్తే పడిపోతుంటే బ్యాటరీ అయినా ముసలిదై ఉండాలి, కరెంటు అయినా ఎక్కడో కారిపోతూ ఉండాలి.

కొత్త బ్యాటరీ వేసి నెల కాలేదు, మళ్ళీ డౌన్. డూప్లికేట్ అంటగట్టారా?

కావచ్చు, కానీ ముందు వేరే రెండు విషయాలు చూడండి. ఒకటి, బండి దాన్ని చార్జి చేస్తోందా లేదా. చార్జింగ్ లేని బండిలో ఎంత మంచి బ్యాటరీ అయినా కొన్నాళ్ళే వస్తుంది. రెండు, దుకాణంలో ఎలా ఇచ్చారు. పొడిగా వచ్చే బ్యాటరీలో యాసిడ్ పోశాక కాసేపు నాననిచ్చి, కొన్ని గంటలపాటు తక్కువ కరెంటుతో మొదటి చార్జి చేయాలి. రద్దీగా ఉన్న కౌంటర్లలో యాసిడ్ పోసిన వెంటనే బిగించి పంపేస్తుంటారు. అలా మొదలైన బ్యాటరీ దాని పూర్తి శక్తికి ఎన్నడూ చేరదు. కొనేటప్పుడే మొదటి చార్జి అయ్యిందా అని అడగండి. కాలేదంటే మర్నాడు వచ్చి తీసుకెళ్తామని చెప్పండి.

స్లోలో హెడ్‌లైట్ మసకగా ఉంటుంది, రేజ్ చేస్తే వెలుగు పెరుగుతుంది. ఇది చార్జింగ్ ప్రాబ్లమా?

చాలా పాత బండ్లలో అది జబ్బు కాదు, తయారీలోనే అంత. అప్పటి వంద సీసీ బండ్లలో ఎక్కువ వాటికి హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాక నేరుగా కాయిల్ ఇచ్చే ఏసీ మీద వెలిగేది. ఇంజిన్ ఎంత తిరిగితే అంత వెలుగు. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి హెడ్‌లైట్ స్విచ్ వేయండి. వెలగకపోతే మీది ఏసీ లైటు, నిశ్చింతగా ఉండండి. ఇంజిన్ ఆపినా వెలిగే డీసీ లైటు అయ్యుండి, స్లోలో బాగా మసకబారి హారన్ గొంతు కూడా బొంగురుపోతుంటే అప్పుడు చార్జింగ్ చూసుకోవాలి.

కిక్ కొడితే స్టార్ట్ అవుతోంది కదా. ఇక టెన్షన్ ఎందుకు?

పాత కిక్ బండ్లలో చాలావాటికి స్పార్క్ కోసం మ్యాగ్నెట్ దగ్గరే వేరే కాయిల్ ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోయినా ఇంజిన్ నడుస్తుంది. అందుకే ఆ బండ్లలో చార్జింగ్ పోయిన సంగతి నెలల తరబడి బయటపడదు. హారన్, ఇండికేటర్, బ్రేక్ లైటు ఒక్కొక్కటే మూగబోతాయి. రాత్రిపూట వెనక లారీ వస్తుండగా బ్రేక్ లైటు వెలగకపోవడం చిన్న సంగతి కాదు. ఇక స్పార్క్ కూడా బ్యాటరీ మీదే ఆధారపడే బండ్లు ఉంటాయి. అవి చార్జింగ్ లేకుండా కొంతదూరం నడిచి, మిస్ ఫైర్ అవుతూ, ఏ ఫ్లైఓవర్ మధ్యలోనో ఆగిపోతాయి.

బ్యాటరీ పూర్తిగా తీసేసి నడపొచ్చా?

వద్దు. బ్యాటరీ కరెంటు దాచే డబ్బా మాత్రమే అనుకుంటాం. వోల్టేజీ ఎగుడుదిగుడుల్ని మింగి నిలకడగా ఉంచేది కూడా అదే. అది లేకపోతే రేజ్ చేసినప్పుడల్లా బల్బులు, ఫ్లాషర్, మీటర్ లైట్లు దెబ్బ తింటాయి.

ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ వైరు పీకి చూడమంటున్నారు. బండి ఆగకపోతే చార్జింగ్ ఉన్నట్టేనా?

దయచేసి ఆ పని చేయకండి. అది డైనమో కాలం నాటి పరీక్ష. ఆర్ఆర్ యూనిట్, స్పార్క్‌ని నడిపే సీడీఐ లాంటి ఎలక్ట్రానిక్ భాగాలున్న బండిలో వైరు పీకిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి, అప్పటిదాకా బాగున్నవి కూడా పోవచ్చు. పైగా స్పార్క్‌కి వేరే కాయిల్ ఉన్న బండి చార్జింగ్ లేకపోయినా ఆగదు, కాబట్టి ఈ పరీక్షతో తెలిసేదీ ఏమీ లేదు.

## మీటరు చేత పట్టాక

ఏ మీటరు కొనాలి? ఎక్కడ దొరుకుతుంది?

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ వోల్టులు, ఏసీ వోల్టులు, ఓమ్‌లు, డయోడ్ గుర్తు, 10 ఆంపియర్ల డీసీ ఉంటే ఈ పనులన్నీ అయిపోతాయి. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో వరసగా దొరుకుతాయి. అక్కడే మొసలి క్లిప్పులున్న వైర్లు ఒక జత తీసుకోండి, ఒక చేత్తో రేజ్ ఇస్తూ చూడటానికి హాయిగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఆంపియర్లు చూడటానికి ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలో పెడతాం. తరవాత అది మర్చిపోయి అలాగే బ్యాటరీ రెండు కొసలకీ పెడితే నేరుగా షార్ట్ అవుతుంది. పని అయిపోగానే వైరుని వోల్టుల రంధ్రంలోకి మార్చడం అలవాటు చేసుకోండి.

బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపించాలి?

నాలుగైదు గంటలు కదలకుండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే అడుగంటినట్టే. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, నిండినప్పుడు ఒక్కోటీ దాదాపు 2.1 వోల్టులు. చార్జి చేసి తీసినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే ఒక సెల్ చచ్చిందని అర్థం, దానికిక వైద్యం లేదు.

వోల్టులు బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. మీటరు పెట్టి ఉంచి సెల్ఫ్ నొక్కండి, ఆ క్షణంలో 9.5 కన్నా కిందకి పడిపోతే దానిలో బలం లేదు. కిక్ బండి అయితే బ్రేక్ లైటు, హారన్ కలిపి వేసి చూడండి.

చార్జింగ్ వస్తోందో లేదో ఇంటి దగ్గరే ఎలా చూడాలి?

బ్యాటరీ సగానికి పైగా నిండి ఉండాలి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మీద ఈ పరీక్ష చేస్తే, అది వచ్చిన కరెంటునల్లా తాగేస్తూ వోల్టేజీని పైకి లేవనివ్వదు. మంచి ఆర్ఆర్ యూనిట్‌ని తప్పుపట్టి పారేసేది ఇక్కడే.

మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి క్లిప్ చేయండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పటి అంకె రాసుకోండి. స్టార్ట్ చేసి రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి, స్లోలో ఎంత ఉందో చూడండి. తరవాత మెల్లగా రేజ్ పెంచుకుంటూ పోండి. నాలుగైదు వేల ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్యకి చేరి, ఆపైన ఎంత రేజ్ చేసినా అక్కడే నిలవాలి. ఆర్‌పీఎం మీటరు లేని బండ్లలో మూడో గేరులో నలభై, నలభై ఐదు స్పీడులో వెళ్ళేటప్పుడు వినిపించే మోతని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. ఇప్పుడు హెడ్‌లైట్, ఇండికేటర్ వేసి, బ్రేక్ నొక్కి మళ్ళీ చూడండి. కొంచెం తగ్గడం సహజం. రేజ్‌లో కూడా 13 కిందకి దిగుతుంటే సరిపోవడం లేదు.

స్లోలో 12.7, 13 చూపిస్తే కంగారు పడొద్దు. పాత కాయిళ్ళు స్లోలో పెద్దగా ఇవ్వవు.

రేజ్ చేసినా 13 దాటడం లేదు. కాయిల్ మార్చేయాలా?

ఇంకా లేదు. ముందు దారి చూడండి. కాయిల్ ఇస్తోంది, ఆర్ఆర్ యూనిట్ మారుస్తోంది, కానీ బ్యాటరీకి చేరేలోపు మధ్యలో తుప్పు, చిలుము, లూజ్ కప్లర్ తినేస్తుండొచ్చు. పాత బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే.

ఇంజిన్ రేజ్‌లో ఉండగా మీటరు ఎర్ర కొస ఆర్ఆర్ యూనిట్ నుంచి బయటికి వచ్చే ప్లస్ వైరుకి, నల్ల కొస బ్యాటరీ ప్లస్‌కి పెట్టండి. ఆ రెండింటి మధ్య తేడాని మీటరు నేరుగా చూపిస్తుంది. 0.2 వోల్టుల లోపు ఉంటే దారి శుభ్రం. అర వోల్టు దాటితే మధ్యలో ఏదో అడ్డం ఉంది. ఫ్యూజు హోల్డర్, కప్లర్, వైరు కలిపి టేపు చుట్టిన చోటు, తాళం కింది కనెక్టర్ ఒక్కొక్కటే చేత్తో పట్టి చూడండి. వేడిగా తగిలిందే దొంగ.

ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి. ఆర్ఆర్ యూనిట్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి. చాసిస్‌కి పెయింట్ వేయించాక చార్జింగ్ పోయిందని వచ్చిన బండ్లున్నాయి. ఎర్త్ బోల్టు కింద పెయింట్ గీకితే సరిపోయింది.

15 దాటిపోతోంది. ఎక్కువ ఉంటే మంచిదేగా?

చాలా చెడ్డది. బ్యాటరీలో నీళ్ళు ఆవిరైపోతాయి, పక్కలు ఉబ్బుతాయి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, బల్బులు వరసగా మాడిపోతాయి. సాధారణంగా ఆర్ఆర్ యూనిట్ లోపలి రెగ్యులేటర్ పోయినప్పుడు ఇలా అవుతుంది. కానీ కొత్తది కొనే ముందు దాని ఎర్త్ బోల్టు బిగువు చూడండి. కొన్ని బండ్లలో వోల్టేజీని చూసుకోవడానికి యూనిట్‌కి ఒక సన్న వైరు విడిగా వెళ్తుంది. అది తెగినా, కొసకి చిలుము పట్టినా యూనిట్‌కి తక్కువ వోల్టేజీ కనిపించి ఇంకా ఇంకా పంపుతూనే ఉంటుంది. వాసన వస్తున్న బ్యాటరీ దగ్గర సిగరెట్టు, నిప్పురవ్వ ఉండకూడదు, ఆ గ్యాస్ అంటుకుంటుంది.

స్టేటర్ బాగుందో లేదో విప్పకుండా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. స్టేటర్ నుంచి వచ్చే కప్లర్ విడదీయండి. ఒకే రంగులో మూడు వైర్లు, చాలావరకు పసుపువి, ఉంటే అది మూడు ఫేజుల స్టేటర్. ఓమ్‌లలో పెట్టి ఒకటి రెండు మధ్య, రెండు మూడు మధ్య, ఒకటి మూడు మధ్య చూడండి. మూడూ ఒకేలా ఉండాలి, సాధారణంగా ఒక ఓమ్ అటూ ఇటూ. మీటరు వైర్లకే కొంత ఓమ్ ఉంటుంది కాబట్టి ముందు రెండు కొసలూ కలిపి చూసి, ఆ అంకె తీసేయండి. తరవాత ఒక్కో వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య చూడండి. ఇక్కడ బీప్ వస్తే కాయిల్ బాడీకి షార్ట్ అయ్యింది.

చివరగా, కప్లర్ విడదీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి మీటరు ఏసీలో పెట్టండి. స్లోలో పదిహేను, ఇరవై వోల్టులు, రేజ్‌తో పాటు యాభై దాటి పెరగాలి, మూడు జతలూ సమానంగా. ఒక జత వెనకబడితే ఆ చుట్ట కాలింది. ఆ వోల్టేజీ షాక్ కొడుతుంది, లోహపు కొసలు పట్టుకోకండి.

రెండు వైర్ల పాత వంద సీసీ బండ్లలో లెక్క వేరు. అక్కడ చుట్ట ఒక కొసని తయారీలోనే బాడీకి కలిపి ఉంచుతారు, బీప్ రావడం సహజం. అది చూసి మంచి కాయిల్‌ని పారేయొద్దు.

ఆర్ఆర్ యూనిట్ పోయిందని మీటరుతో ఖచ్చితంగా చెప్పొచ్చా?

సగం చెప్పొచ్చు. డయోడ్ గుర్తు దగ్గర పెట్టి, కాయిల్ వైపు పిన్నుకీ ప్లస్ పిన్నుకీ మధ్య ఒకవైపు అంకె రావాలి, కొసలు తిప్పితే రాకూడదు. రెండువైపులా బీప్ అంటే డయోడ్ కాలిపోయింది, యూనిట్ పనికిరాదు. డయోడ్లు బాగుండి లోపలి రెగ్యులేటర్ మాత్రమే పోతే ఈ పరీక్షలో దొరకదు. కాయిల్ మంచిది, వైరింగ్ మంచిది, బ్యాటరీ మంచిది అని తేలాక మిగిలింది అదే. అదే మోడల్ బండి ఉన్న స్నేహితుడి యూనిట్ పది నిమిషాలు పెట్టి చూస్తే అనుమానం తీరిపోతుంది.

తిప్పినప్పుడు బాగుంటుంది, రెండు రోజులు నిలిపితే చచ్చిపోతుంది. ఎందుకు?

తాళం తీసేశాక కూడా ఎక్కడో కరెంటు కారుతోంది. బ్యాటరీ మైనస్ వైరు తీసి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరు ఆంపియర్లలో పెట్టండి. గడియారం, అలారం లేని పాత బండిలో సున్నా రావాలి. 50 మిల్లీ ఆంపియర్లు కారుతోందనుకోండి, కిక్ బండికి ఉండే 2.5 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ యాభై గంటల్లో ఖాళీ. మీరు చెప్పే రెండు రోజులు అదే లెక్క. ఫ్యూజు తీయండి, అలారం, జీపీఎస్, మొబైల్ చార్జర్ ఒక్కొక్కటే పీకండి, ఆర్ఆర్ యూనిట్ కప్లర్ పీకండి. ఏది పీకినప్పుడు అంకె సున్నాకి పడుతుందో తప్పు అక్కడే. మీటరు ఇలా ఉన్నప్పుడు తాళం ఆన్ చేయడం, సెల్ఫ్ నొక్కడం చేయకండి, మీటరు దెబ్బతినొచ్చు.

## బుల్లెట్, యెజ్డీ ఉన్నవాళ్ళకి

పాత బుల్లెట్ మీద ఆంపియర్ మీటరు ముల్లు మైనస్‌లోనే ఉంటోంది. ఏం చేయాలి?

లైటు వేసి స్లోలో ఉన్నప్పుడు మైనస్ చూపించడం మామూలే. రోడ్డెక్కి వేగం అందుకున్నాక మధ్యకి వచ్చి, కొంచెం ప్లస్ వైపు వాలాలి. ఎంత వేగంలోనూ రాకపోతే చార్జింగ్ లేదు. ముల్లు అటూ ఇటూ పిచ్చిగా ఊగుతుంటే హెడ్‌లైట్ డోమ్ లోపల లూజ్ కాంటాక్ట్ ఉంది. ఆ ఆంపియర్ మీటరు వెనక నట్లనే ముందు చూడండి. బ్యాటరీ కరెంటంతా దాని గుండానే పోతుంది, అది వదులైతే బండి మొత్తం ఆగిపోతుంది. కొన్ని బాగా పాత బండ్లలో ప్లస్ ఎర్త్ ఉంటుంది, బ్యాటరీ పెట్టే ముందు ఏ వైరు చాసిస్‌కి వెళ్తోందో కళ్ళతో చూసి పెట్టండి.

యెజ్డీకి డైనమో. దానికీ ఇవే పరీక్షలా?

కాదు. మైసూరులో యెజ్డీల తయారీ 1996లో ఆగిపోయింది. డైనమో ఉన్న పాత జావా, యెజ్డీలు 6 వోల్టులవి, డైనమోకి తోడు కటౌట్ (బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపే స్విచ్) ఉంటుంది. నిండిన బ్యాటరీ 6.3 దగ్గర ఉండాలి, రేజ్‌లో 7 వోల్టులు దాటాలి. రాకపోతే ముందు కార్బన్ బ్రష్‌లు చూడండి. అరిగి పొట్టివైనా, హోల్డర్‌లో ఇరుక్కున్నా కరెంటు రాదు. అవి ఆనుకునే రాగి భాగం నల్లబడి ఉంటే సన్న ఎమరీ కాగితంతో తుడిస్తే చాలాసార్లు ప్రాణం లేచి వస్తుంది. ఇంజిన్ ఆపాక కటౌట్ పాయింట్లు అతుక్కుపోయి ఉంటే బ్యాటరీ తిరిగి డైనమోలోకే ఖాళీ అవుతుంది. ఈ పని తెలిసిన పెద్ద మెకానిక్‌లు నగరంలో ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గర కూర్చుని చూసి నేర్చుకోవలసిన పని ఇది.

## బాగు చేయించేటప్పుడు

స్టేటర్ కాలింది. కొత్తది వేయాలా, కట్టించాలా (పాతదానికే తీగ మళ్ళీ చుట్టించాలా)?

కంపెనీ పార్ట్ దొరికితే అదే వేయండి. పుత్లీబౌలి, రాణిగంజ్‌లలో తిరిగినా దొరకని మోడల్ అయితే కట్టించడమే దారి, మంచి చేతి పని అయితే ఏళ్ళు వస్తుంది. పాత తీగ మందం ఎంతో అంతే మందం, చుట్లు ఎన్నో అన్నే ఉండాలి. వేడికి తట్టుకునే ఎనామిల్ తీగే వాడమనండి, చుట్టాక వార్నిష్ పోసి వేడిలో ఆరబెట్టాలి. ఫోర్ స్ట్రోక్ బండ్లలో చాలావాటికి స్టేటర్ వేడి ఆయిల్‌లోనే ఉంటుంది, నాసిరకం వార్నిష్ అందులో కరిగిపోతుంది. కాలిన స్టేటర్ తీసినప్పుడు ఆయిల్ వాసన చూడండి. మాడిన వాసన ఉంటే ఆయిల్ కూడా మార్చాలి.

మ్యాగ్నెట్ నేనే విప్పొచ్చా?

పుల్లర్ ఉంటేనే. సుత్తితో కొట్టి తీస్తే అయస్కాంతం పగులుతుంది, క్రాంక్ కొస వంగుతుంది. తీశాక షాఫ్ట్ మీది చిన్న అర్ధచంద్రాకారపు ఇనుప ముక్క జాగ్రత్త, అది పోతే టైమింగ్ పోతుంది. తిరిగి బిగించే ముందు మ్యాగ్నెట్ లోపలి అంచంతా వేలితో తడమండి. నట్టో, వాషరో అతుక్కుని ఉంటే మొదటి కిక్కుకే కొత్త స్టేటర్ నుజ్జవుతుంది. కవర్ ప్యాకింగ్ కొత్తది వేయండి.

కప్లర్ కరిగింది. వైర్లు నేరుగా కలిపి టేపు చుడితే పోదా?

వారం రోజులకి పోతుంది. మన ఎండకి టేపు జిగురు కరిగి జారిపోయి, లోపలికి నీరు చేరుతుంది. మాడిన వైరుని రాగి మెరిసేదాకా వెనక్కి కత్తిరించి, కొత్త పిన్ను ప్రెస్ చేయించి, కొత్త కప్లర్ వేయించండి. కప్లర్ దొరక్కపోతే సాల్డరింగ్ చేసి, వేడి చేస్తే ముడుచుకునే స్లీవ్ తొడగండి. పిన్ను మాడడానికి మూలం అది వదులు కావడమే. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది.

## రోజువారీ వాడకంలో

ఎల్ఈడీ ఫాగ్ లైట్లు పెట్టించాను. అప్పటి నుంచి బ్యాటరీ నిలవడం లేదు.

వాట్లని 12తో భాగిస్తే ఆంపియర్లు. ఇరవై వాట్ల లైట్లు రెండు అంటే మూడు ఆంపియర్లు పైనే. పాత వంద సీసీ బండిలో బ్యాటరీ వైపు వచ్చేది చాలా కొద్ది, అది హారన్‌కీ ఇండికేటర్‌కీ సరిపడా లెక్కగట్టి ఇచ్చింది. హెడ్‌లైట్‌ని ఏసీ నుంచి డీసీకి మార్పించినప్పుడూ ఇదే జరుగుతుంది. స్టేటర్ ఎర్త్ విడదీసి, ఏసీ రెండు సగాల కరెంటునీ వాడుకునే ఫుల్ వేవ్ ఆర్ఆర్ యూనిట్ వేసి చేస్తేనే ఆ మార్పు నిలుస్తుంది. ఊరికే వైరు తెచ్చి బ్యాటరీకి కలిపితే రాత్రి ప్రయాణాలన్నీ బ్యాటరీని తింటూనే ఉంటాయి.

పెద్ద బ్యాటరీ వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ట్యాంకు పెద్దదైతే కుళాయి ధార పెరగదు కదా. చచ్చిపోవడానికి నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది, తిరిగి నిండడానికీ అంతే.

రోజూ గంటసేపు ట్రాఫిక్‌లో తిరుగుతాను. అయినా బ్యాటరీ ఎందుకు నిండదు?

ఆ గంటలో ఇంజిన్ నిజంగా తిరిగేది ఎంత? అమీర్‌పేట, పంజాగుట్ట సిగ్నళ్ళలో స్లోలో నిలబడినంతసేపూ కాయిల్ ఇచ్చేదానికన్నా బండి తాగేదే ఎక్కువ కావచ్చు. బ్రేక్ మీద కాలు పెట్టి నిలబడితే 21 వాట్ల బల్బు వెలుగుతూనే ఉంటుంది, అంటే దాదాపు 1.75 ఆంపియర్లు. చదును రోడ్డు మీద న్యూట్రల్ చేసి కాలు నేల మీద పెట్టండి. వారానికోసారి పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద అరగంట ఆగకుండా తిప్పండి. నేను ఆదివారం నెక్లెస్ రోడ్డు వైపు వెళ్ళి వస్తాను, బ్యాటరీకీ నాకూ బాగుంటుంది.

బ్యాటరీలో మినరల్ వాటర్ పోయొచ్చా?

పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. మంజీరా నీళ్ళైనా, బోరు నీళ్ళైనా, ఆర్ఓ నీళ్ళైనా అందులో లవణాలుంటాయి, అవి ప్లేట్లని పాడు చేస్తాయి. పై గీత దాటకుండా పోయండి. ఒకసారి వాడకంలోకి వచ్చాక యాసిడ్ కలపకండి, తగ్గేది నీళ్ళే. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకోసారి మూత తీసి చూడండి.

వానకి సెల్లార్‌లో బండి మునిగింది. స్టార్ట్ చేసి చూడొచ్చా?

వెంటనే వద్దు. బ్యాటరీ మైనస్ తీసేయండి. ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే మార్చేదాకా కిక్ కూడా కొట్టకండి. కప్లర్లన్నీ విడదీసి, నీళ్ళు దులిపి, ఒక రోజంతా ఆరనివ్వండి. 2020 అక్టోబరు వరదల తరవాత మా వీధిలో వారంలోపే బండ్లన్నీ నడిచాయి, కానీ రెండు మూడు నెలలకి ఒక్కొక్కదానికీ చార్జింగ్ పోవడం మొదలైంది. నీళ్ళు ఆరిపోయినా కప్లర్లలో బురద మిగిలి పచ్చటి చిలుము పెరిగింది. మునిగిన బండికి కాంటాక్ట్ క్లీనర్‌తో పిన్నులన్నీ కడగడం తప్పనిసరి.

కారు బ్యాటరీ షాపులో గంటలో చార్జి చేసి ఇస్తామన్నారు. ఇవ్వొచ్చా?

వద్దు. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు కరెంటుతో చార్జి చేయాలి. 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియరు, పది పన్నెండు గంటలు. కారు చార్జర్ ఇచ్చే కరెంటుకి చిన్న బ్యాటరీ కాగిపోయి ప్లేట్లు వంగిపోతాయి. బండి నుంచి తీసేటప్పుడు ముందు మైనస్ తీయండి, పెట్టేటప్పుడు చివరగా మైనస్ పెట్టండి. అలా చేస్తే పానా చాసిస్‌కి తగిలినా నిప్పురవ్వ రాదు.

చచ్చిన బ్యాటరీని పాత సామాన్లవాడికి ఇచ్చేయొచ్చా?

కొత్తది కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, పాతదానికి ధర తగ్గిస్తారు. లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. పగలగొట్టి సీసం తీసేచోట ఆ యాసిడ్ నేలలోకి పోతుంది, దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇచ్చేదాకా నిలువుగా, పిల్లలకి అందని చోట పెట్టండి. ఒలికితే వంట సోడా చల్లి, పొంగు ఆగాక నీళ్ళతో కడగండి.